గెడ్డ నుంచి గట్టు దాకా: కీటకాలు, మంచినీటి అకశేరుకాల వైవిధ్యాన్ని సర్వే చేసే విధానం

శ్రీకాకుళం జిల్లా ఇచ్ఛాపురం దగ్గరి తేలుకుంచికి వచ్చే నత్తగుల్ల కొంగలను లెక్కపెట్టేవారు ఏటా కనిపిస్తారు. ఆ కొంగ తన సందు ముక్కుతో నత్తను పట్టి లోపలి మాంసాన్ని ఎలా లాగుతుందో ఊళ్లోని పిల్లలు కూడా వర్ణించి చెబుతారు. కాని ఆ చుట్టుపక్కల పొలాల్లోనూ చెరువుల్లోనూ నత్తలు ఎన్ని రకాలు ఉన్నాయి, ఏ నెలలో ఎన్ని దొరుకుతాయి, పదేళ్ల క్రితంతో పోలిస్తే పెరిగాయా తగ్గాయా అని అడిగితే, చూపించడానికి కాగితం దొరకడం అరుదు. పక్షిని కాపాడుతున్న చోట పక్షి తిండిని లెక్కించకపోవడం, పంట లెక్క రాసి విత్తనం లెక్క వదిలేయడం లాంటిది.

ఈ మార్గదర్శి ఆ లెక్కను ఎలా రాయాలో చెబుతుంది. డిగ్రీ విద్యార్థులు, ఉపాధ్యాయులు, అటవీ సిబ్బంది, ప్రకృతి పట్ల ఆసక్తి ఉన్న గృహస్థులు కూడా ఈ పని చేయగలరు. ముందే ఒక మాట స్పష్టంగా చెప్పాలి: కనిపించిన పురుగుల పేర్లన్నీ రాసుకున్న జాబితా సర్వే కాదు. ఎక్కడ, ఎంతసేపు, ఏ వలతో, ఎంతమంది వెతికితే ఆ పేర్లు వచ్చాయో రాసి ఉండి, మరొకరు అయిదేళ్ల తరువాత అదే చోట అదే విధంగా వెతకగలిగితేనే అది సర్వే అవుతుంది. నా దృష్టిలో వంద పేర్లున్న పొడవాటి జాబితా కంటే, శ్రమ కొలత రాసిన ఇరవై పేర్ల చిన్న పట్టిక విలువైనది.

మొదట ప్రశ్న, తరువాత వల

"ఇక్కడి కీటకాలన్నీ" అనేది ప్రశ్న కాదు. ఏ సర్వే అయినా వాటిలో కొన్ని సమూహాలనే అందుకోగలదు. "ఈ కొండ గెడ్డలో (వాగులో) ఊరికి ఎగువన, దిగువన ఉన్న జలచర కీటకాల్లో తేడా ఉందా", "ఈ చెరువులో వానలకు ముందు, తరువాత ఏ నత్తలు ఉన్నాయి", "ఈ రిజర్వు అడవి అంచునున్న జీడితోటకూ లోపలి అడవికీ సీతాకోకచిలుకల్లో తేడా ఎంత" వంటివి ప్రశ్నలు. ప్రశ్న ఇలా కుదిరితే సామగ్రి, రోజులు, మనుషులు వాటంతట అవే తేలిపోతాయి.

ఇద్దరు ముగ్గురున్న బృందానికి తొలి ఏడాది మూడు సమూహాలు చాలు. నీటిలో కంటికి కనిపించే అకశేరుకాలు (వెన్నెముక లేని జీవులు), తూనీగలు, సీతాకోకచిలుకలు. మొదటి దానికి వల కావాలి, మిగిలిన రెండింటికీ కళ్లూ కెమెరా సరిపోతాయి.

అనుమతి లేకుండా అడుగు వేయకూడదు

వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం "జంతువు" అన్న మాటలో అకశేరుకాలు కూడా ఉన్నాయి. పురుగే కదా, ఎవరు అడుగుతారు అనుకోవడం పొరపాటు. అభయారణ్యంలో అధ్యయనం కోసమో ఫొటోల కోసమో ప్రవేశించడానికి 28వ సెక్షన్ కింద ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి అనుమతి ఉండాలి. చట్టం షెడ్యూళ్లలో, అంటే రక్షిత జీవుల జాబితాల్లో, ఉన్న జీవిని శాస్త్రీయ పరిశోధన కోసం పట్టవలసి వస్తే 12వ సెక్షన్ కింద ప్రత్యేక అనుమతి కావాలి. కొన్ని సీతాకోకచిలుకలు ఆ షెడ్యూళ్లలో ఉన్నాయి. 2022 నాటి సవరణ 2023 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చి షెడ్యూళ్ల అమరిక మారిపోయింది కనుక పాత పుస్తకాల్లోని జాబితాను నమ్ముకోకూడదు. రిజర్వు అడవి అయితే జిల్లా అటవీ అధికారికి దరఖాస్తు పెట్టుకోవాలి. నమూనాలను విదేశాలకు పంపే ఆలోచన ఉంటే జీవవైవిధ్య చట్టం, 2002 వర్తిస్తుంది. అప్పుడు చెన్నైలోని జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ వరకూ వెళ్లాలి.

దరఖాస్తులో స్థలం, తేదీలు, మనుషుల పేర్లు, వాడే వలలు, పట్టిన వాటిని వదిలేస్తారా ఉంచుకుంటారా, ఉంచుకుంటే ఒక్కో రకానికి ఎన్ని అన్నవి సూటిగా రాయండి. "అవసరమైనన్ని" అన్న మాట దరఖాస్తును ఆలస్యం చేస్తుంది. ప్రభుత్వ అనుమతి చేతికొచ్చాక ఊరి పెద్దలతో మాట్లాడటం వేరే పని, దాన్ని వదిలేయకూడదు. సవర, జాతాపు గిరిజన గూడేల్లో ఏ గెడ్డ ఏ నెలలో ఎండుతుందో, ఏ రాయి కింద పీతలుంటాయో, ఏ గుట్ట దగ్గరికి దేవత పేరు మీద చెప్పులతో వెళ్లకూడదో చెప్పేది వారే.

స్థలం, కాలం

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో నీటి ఆవాసాలకు కొదవ లేదు. మహేంద్రగిరుల నుంచి దిగే మహేంద్రతనయ, నాగావళి, వంశధార, వాటిలో కలిసే కొండ గెడ్డలు, విజయనగరం వైపు గోస్తని మీది తాటిపూడి జలాశయం, చంపావతి మీది ఆండ్ర జలాశయం, తీరం వెంబడి బీలలు, తంపరలు అనే చిత్తడి నేలలు అన్నీ వేర్వేరు ఆవాసాలు. వేగంగా పారే రాళ్ల గెడ్డలో దొరికేది బీలలో దొరకదు కనుక ఆ రెండింటినీ ఒకే పట్టికలో కలిపి పోల్చడం అర్థం లేని పని.

ఒక్కో ఆవాసంలో కనీసం మూడు స్థానాలు ఎంచుకోండి. సులువుగా బండి వెళ్లే చోటునే మూడుసార్లూ ఎంచుకోవడం మనందరికీ ఉన్న జబ్బు. దాన్ని తప్పించుకోవడానికి పటం మీద ముందుగానే చుక్కలు పెట్టుకుని బయలుదేరాలి.

కాలం విషయానికొస్తే, ఏడాదికి మూడు దఫాలు ఆదర్శం. తొలకరికి ముందు మే నెల ఒకటి, వానల మధ్య ఆగస్టు ఒకటి, ఈశాన్య వానలు తగ్గి గెడ్డలు తేటపడిన డిసెంబరు, జనవరి ఒకటి. ఒక్క దఫా మాత్రమే వీలైతే మూడోదే ఎంచుకోండి, ఎందుకంటే అప్పుడు ప్రవాహం నిలకడగా ఉండి రాళ్ల మీది జీవులు కుదురుకుని ఉంటాయి. వరద వెళ్లిన రెండు మూడు వారాల్లోపు గెడ్డలో వల వేస్తే దొరికేది గెడ్డ గురించి కాదు, వరద గురించి చెబుతుంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో కూలిన కొబ్బరి చెట్లను లెక్క కట్టగలిగారు. తోటల మధ్య గుంటల్లో ఏం పోయిందో చెప్పాలంటే మాత్రం అంతకు ముందు ఏముందో ఎవరైనా రాసి ఉండాలి.

సామగ్రి

ఆంగ్ల అక్షరం డీ ఆకారంలో, సుమారు 30 సెంటీమీటర్ల వెడల్పున్న ఇనుప చట్రానికి అర మిల్లీమీటరు రంధ్రాల వలగుడ్డ కుట్టించి, వెదురు కర్ర బిగిస్తే జలచరాల వల తయారవుతుంది. చట్రం వెల్డింగ్ షాపులోనూ, సంచి దర్జీ దగ్గరా ఒక్క పూటలో అయిపోతాయి. దోమతెర గుడ్డ మాత్రం వాడకండి. దాని రంధ్రాల్లోంచి చిన్న లార్వాలు జారిపోతాయి, మీ లెక్క మరొకరి లెక్కతో పోల్చడానికి పనికిరాకుండా పోతుంది. దీనికి తోడు తెల్లటి ప్లాస్టిక్ ట్రేలు రెండు, మెత్తని బ్రష్షు, వెడల్పు మూతి డ్రాపరు, పది రెట్లు పెంచి చూపే భూతద్దం, మూత బిగుతుగా ఉండే చిన్న సీసాలు, థర్మామీటరు, టేపు, పెన్సిళ్లు, గట్టి అట్ట నోటు పుస్తకం కావాలి. నమూనాలు దాచడానికి ఇథనాల్‌ను అనుమతి ఉన్న కళాశాల ప్రయోగశాల ద్వారానే తీసుకోవడం సులభం. సాధారణంగా దాచడానికి 70 శాతం, డీఎన్ఏ పరీక్షకైతే 95 శాతం వాడతారు.

గెడ్డలో పని

ఎప్పుడూ దిగువ నుంచి ఎగువకు నడవండి. మీరు కదిపిన బురద మీరు ఇంకా చూడని చోటికి పోకూడదు. నీళ్లు నురగలు కక్కుతూ రాళ్ల మీద పారే చోట వల నోటిని ప్రవాహానికి ఎదురుగా, అంచు అడుక్కు ఆనేలా నిలబెట్టి, దానికి ఎగువన నిలబడి పాదంతో రాళ్లనూ ఇసుకనూ ఒక నిమిషం పాటు కదిలించాలి. పట్టు వదిలిన జీవులు ప్రవాహంతో వచ్చి వలలో పడతాయి. ఇలా మూడు చోట్ల, మొత్తం మూడు నిమిషాలు. గడియారం చూసేవారు వేరే ఒకరు ఉండాలి. వల పట్టుకున్నవారి నిమిషం ఎప్పుడూ నిమిషం కాదు. తరువాత ఇంకొక నిమిషం చేత్తో రాళ్లు తిప్పి చూడాలి. తిప్పిన ప్రతి రాయినీ ఏ ముఖం కిందికి ఉందో అలాగే తిరిగి పెట్టాలి. ఆ రాయి అడుగే ఒక కాపురం.

ఇక ట్రే. వలను తిరగేసి, వేలెత్తు తేట నీరున్న ట్రేలోకి విదిల్చి, రెండు నిమిషాలు ఏమీ చేయకుండా చూడండి. మొదట అంతా ఆకుల చెత్తే అనిపిస్తుంది. కొద్దిసేపటికి చెత్తలో ఒక మూల జరజరా కదులుతుంది. చప్పిడి ఒళ్లు, పొట్ట పక్కల ఆకుల్లా ఆడే మొప్పలు, వెనక సాధారణంగా మూడు తోకలు ఉంటే అది మేఫ్లై పిల్ల. రెండే తోకలుండి, కాలి చివర రెండేసి గోళ్లుంటే స్టోన్‌ఫ్లై. కొన్ని మేఫ్లైలకూ రెండు తోకలే ఉంటాయి కనుక గోళ్లు చూడకుండా తీర్మానించకండి, మేఫ్లై కాలికి ఒక్క గోరే. ఇసుక రేణువులను పట్టుదారంతో అతికించి కట్టుకున్న చిన్న గొట్టం తనంతట తాను నడుస్తుంటే అందులో కాడిస్‌ఫ్లై లార్వా ఉంది. దాన్ని బయటికి లాగకండి, కాసేపాగితే తలా కాళ్లూ అదే బయట పెడుతుంది. ఎర్రటి సన్నని పురుగులు కైరోనమిడ్ (దోమను పోలిన, కుట్టని ఈగ) లార్వాలు. రక్తంలో హిమోగ్లోబిన్ ఉండటం వల్ల వాటికా రంగు, ఆక్సిజన్ తక్కువున్న బురదలో కూడా అవి బతకగలవు. తూనీగ పిల్ల ట్రే మూలన కదలకుండా కూర్చుని, గడ్డం కింద ముడుచుకున్న పెదవిని ఒక్కసారిగా చాచి పక్కవాడిని పట్టేస్తుంది. అందుకే దాన్ని ముందుగా వేరే గిన్నెలో వేయాలి, లేకపోతే మీరు లెక్క పెట్టేలోపు అది లెక్క తగ్గిస్తుంది.

ప్రతి సమూహాన్నీ లెక్కించి, ఫొటో తీసి, గుర్తుకు అందనివాటిలో ఒకటో రెండో సీసాలో ఉంచి, మిగిలినవన్నీ పట్టిన చోటే వదిలేయాలి. రక్షిత ప్రాంతంలో పని చేసేవారికి ఇది ఐచ్ఛికం కాదు.

చదరపు మీటరుకు ఎన్ని అన్న లెక్క కావాలంటే సర్బర్ వల వాడాలి. దాని చట్రం 30 సెంటీమీటర్ల చతురస్రం, అంటే 0.09 చదరపు మీటరు. ప్రవాహ వేగానికి ఖరీదైన మీటరు అక్కర్లేదు. ఒక బత్తాయిని వదిలి 10 మీటర్లు ఎన్ని సెకన్లలో దాటిందో చూడండి. 20 సెకన్లయితే ఉపరితల వేగం సెకనుకు అర మీటరు. నీటి వెడల్పు, లోతు, ఉష్ణోగ్రత, ఒడ్డున నీడ ఎంత, పశువులు దిగే చోటా కాదా అన్నవి అప్పుడే రాసుకోవాలి.

చెరువు, బీల

నిలవ నీటిలో ఇలా పాదంతో తన్నడం పనికిరాదు. గట్టు వెంట కలువ ఆకుల మధ్య, తుంగలో, ఖాళీ బురద మీద, మదుం (తూము) దగ్గర వేర్వేరుగా వలను ముందుకూ వెనక్కూ మీటరు పొడవున లాగాలి. ఒక్కో రకం చోటుకు సమానంగా అయిదు లాగుళ్లు. నీటితేలు, నీటి మీద పరుగులు తీసే పురుగులు, ఈదే పెంకుపురుగులు, జలగలు, చిన్న రొయ్యలు దొరుకుతాయి. పెద్ద నత్త పైలా గ్లోబోసాను వలతో కాదు, గట్టు వెంట నడిచి కంటితో లెక్కించాలి. ఎండాకాలంలో అది బురదలో దిగి మూత బిగించుకుంటుంది కనుక మే నెలలో సున్నా వచ్చిందని కంగారు పడకండి, కాని ఆ సున్నాను తప్పక రాయండి. వెతికితే దొరకకపోవడం వేరు, వెతకకపోవడం వేరు. ఖాళీ గడి ఆ రెండింటినీ ఒకటి చేసేస్తుంది.

బీలల గురించి ఒక మాట. సోంపేట బీలలో థర్మల్ కేంద్రం ప్రతిపాదన మీద జరిగిన వివాదంలో, ఆ నేల బీడా లేక చిత్తడి నేలా అన్నదే ముఖ్యమైన ప్రశ్నగా నిలిచింది. 2010 జూలైలో పర్యావరణ అనుమతి రద్దయింది. నేల స్వభావాన్ని నిరూపించవలసి వచ్చిన రోజున నీటిలో బతికే జీవుల రాతపూర్వక లెక్క ఎంత అక్కరకొస్తుందో ఈ ప్రాంతం వారికి విడమరచి చెప్పనక్కర్లేదు.

ఒడ్డు మీద, రాత్రి తెర ముందు

తూనీగలకూ సీతాకోకచిలుకలకూ ఒకే రకం నడక చాలు. నిర్ణీత దారిలో మెల్లగా ఒకే వేగంతో నడుస్తూ, ఎదురుగా 5 మీటర్లు, ఇరుపక్కలా రెండున్నర మీటర్ల మేర ఉన్న ఊహాపెట్టెలో కనిపించిన వాటినే లెక్కించాలి. పెట్టె బయట ఎంత అందమైనది ఎగిరినా "అదనం" అన్న గడిలోకే. మన ఎండలకు ఉదయం 9 నుంచి 11 గంటల మధ్య కాలం అనువైనది. మబ్బు పట్టినా గాలి ఎక్కువైనా ఆ రోజు మానుకోవడమే నయం. గెడ్డ ఒడ్డున గడ్డి కాడలకు అంటుకున్న తూనీగల పొట్టును ఏరితే, ఆ జాతి ఆ నీటిలోనే పెరిగిందన్న రుజువు దొరుకుతుంది. ఎగిరే తూనీగ ఆ మాట చెప్పలేదు. మనం చిన్నప్పుడు తోకకు దారం కట్టి ఆడుకున్న తూనీగల్లో, వానాకాలంలో గుంపులుగా తిరిగే పసుపు తూనీగ పాంటాలా ఫ్లావెసెన్స్ సముద్రాలు దాటి వలసపోయే జీవి. చెరువు మీద అది వందల్లో ఉందంటే అవన్నీ చెరువు బిడ్డలే అనుకోవడానికి లేదు.

చీమలకూ నేల పెంకుపురుగులకూ గ్లాసు గుంటలు వేస్తారు. ప్లాస్టిక్ గ్లాసు అంచు నేలకు సమంగా ఉండేలా పాతి, పైన రేకు గొడుగు పెట్టి, మరుసటి ఉదయమే చూసి తీసేయాలి. మరిచిపోయిన గ్లాసు నెలల తరబడి చంపుతూనే ఉంటుంది కనుక పెట్టినప్పుడూ తీసినప్పుడూ లెక్క సరిపోవాలి.

రాత్రి పురుగులకు అమావాస్య దగ్గరి రోజులు మేలు. నిండు వెన్నెలలో దీపం దగ్గరికి వచ్చేవి తగ్గిపోతాయి. రెండు కర్రల మధ్య తెల్ల దుప్పటి బిగించి, దాని ముందు అతినీలలోహిత ఎల్‌ఈడీ దీపం వేలాడదీసి, రాత్రి 7 నుంచి 10 వరకూ ప్రతి అరగంటకూ ఫొటోలు తీయండి. దీపం ఆర్పాక దుప్పటిని దులిపి పురుగులను పొదల్లోకి పంపాలి. అలాగే వదిలేస్తే తెల్లారేసరికి పసులపోలిగాడు పిట్ట వచ్చి సర్వే మొత్తాన్ని ఫలహారం చేస్తుంది. పార్వతీపురం, సీతంపేట వైపు ఏనుగుల సంచారం ఉన్నదన్నా, ఉద్దానం తోటల్లో ఎలుగుబంటి తిరుగుతోందన్నా ఆ రాత్రికి తెర కట్టకండి. అటవీ సిబ్బందికి చెప్పకుండా అసలే కట్టకండి. పొదల్లో పని చేసిన రోజు ప్యాంటు అంచులు మేజోళ్లలో దోపుకుని, ఇంటికి రాగానే స్నానం చేసి బట్టలు ఉతకాలి. తరువాత జ్వరం వస్తే, ఒంటి మీద నల్లటి పక్కు ఉన్నా లేకపోయినా, అడవికి వెళ్లిన సంగతి వైద్యుడికి చెప్పాలి. నల్లి జాతి (మంచంలోని నల్లి కాదు, మైట్) పిల్లపురుగులు కుట్టడం వల్ల వచ్చే స్క్రబ్ టైఫస్‌నూ, దోమల వల్ల వచ్చే మలేరియానూ గుర్తించడానికి ఆ ఒక్క మాట దారి చూపుతుంది.

చీటీ

తొలి ఏడాది నేను పద్నాలుగు సీసాలకు అందమైన బాల్‌పెన్ను రాతతో చీటీలు రాసి లోపల వేశాను. రెండు వారాలకు ఇథనాల్ లేత నీలంగా మారింది, చీటీలు తెల్లబడ్డాయి. పద్నాలుగు సీసాల్లో పురుగులు భద్రంగా ఉన్నాయి, అవి ఎక్కడివో చెప్పేవారే లేరు. అప్పటినుంచి పెన్సిలు తప్ప మరొకటి వాడలేదు. చీటీ సీసా లోపల ఉండాలి, బయట అతికించినది ఊడిపోతుంది. దాని మీద ఊరు, జిల్లా, అక్షాంశ రేఖాంశాలు, తేదీ, పద్ధతి, పట్టినవారి పేరు ఉండాలి. శ్రీకాకుళం సుమారు 18.3 ఉత్తర అక్షాంశం, 83.9 తూర్పు రేఖాంశం. ఈ రెండు అంకెలూ తారుమారైతే మీ గెడ్డ ఉత్తర ధ్రువ సముద్రంలో తేలుతుంది. పట్టికల్లో ఈ తప్పు మీరు అనుకునే దానికంటే తరచుగా కనిపిస్తుంది.

ఒక గెడ్డలో వాడిన వలనూ బూట్లనూ కడిగి, ఎండలో పూర్తిగా ఆరబెట్టాకే మరో గెడ్డలో దించండి. పరాయి నత్త గుడ్లు, రోగకారక శిలీంధ్రాలు తడి వలతో ప్రయాణిస్తాయి.

గుర్తింపు, లెక్క

జాతి పేరు తెలియకపోతే కుటుంబం దగ్గర ఆగడం సిగ్గుపడవలసిన పని కాదు. ఊహించి రాసిన జాతి పేరు కంటే నిశ్చయంగా రాసిన కుటుంబం పేరు నమ్మదగినది. నీటి నాణ్యత సూచికలు చాలావరకు కుటుంబ స్థాయిలోనే పని చేస్తాయి. బ్రిటన్ నదుల కోసం తయారైన బీఎండబ్ల్యూపీ పద్ధతిలో ప్రతి కుటుంబానికీ 1 నుంచి 10 వరకూ మార్కులుంటాయి, కాలుష్యాన్ని తట్టుకోలేని కుటుంబానికి ఎక్కువ మార్కులు. ఒక స్థానంలో హెప్టాజెనిడే 10, లెప్టోఫ్లెబిడే 10, హైడ్రోప్సైకిడే 5, జెర్రిడే 5, బీటిడే 4, కైరోనమిడే 2 దొరికాయనుకుందాం. మొత్తం 36, ఆరు కుటుంబాలు, సగటు 6. మొత్తం కంటే ఈ సగటు నమ్మదగినది, ఎందుకంటే ఎక్కువసేపు వెతికితే మొత్తం పెరిగిపోతుంది, సగటు అంతగా కదలదు. పరదేశపు మార్కులు కనుక ఈ అంకెతో "మన గెడ్డ శుభ్రం" అని ప్రకటించకండి. ఎగువకూ దిగువకూ, ఈ ఏటికీ వచ్చే ఏటికీ పోల్చడానికి మాత్రమే వాడండి.

ఇంకా ఎన్ని జాతులు కంటపడకుండా మిగిలాయో అంచనా వేసే చావో సూత్రం చేత్తోనే లెక్కించవచ్చు. మీకు 42 జాతులు దొరికి, వాటిలో 12 ఒక్కొక్కటే, 6 రెండేసి మాత్రమే దొరికాయనుకోండి. 12ను దానితోనే హెచ్చిస్తే 144, దాన్ని 6కు రెట్టింపైన 12తో భాగిస్తే 12. అంటే అక్కడ కనీసం 54 జాతులు ఉండవచ్చు, మీరు చూసింది అందులో 42. ఒక్కొక్కటే దొరికినవి ఎక్కువగా ఉన్నంతకాలం పని సగంలో ఉన్నట్టే.

అప్పగింత

ఉంచుకున్న నమూనాలను ఇంటి బీరువాలో పెట్టకూడదు. భారత జంతు సర్వేక్షణ సంస్థ 1916లో ఏర్పడింది, జంతు నమూనాలకు జాతీయ భాండాగారంగా గుర్తింపు పొందింది. దాని మంచినీటి జీవశాస్త్ర ప్రాంతీయ కేంద్రం హైదరాబాదులో ఉంది. సందేహమున్న నమూనాల విషయంలో ముందుగా ఉత్తరం రాసి, చీటీలతో సహా అక్కడికి చేర్చే ఏర్పాటు చేసుకోండి. ఫొటోలను ఐనాచురలిస్ట్ వెబ్‌సైట్‌లోనో ఇండియా బయోడైవర్సిటీ పోర్టల్‌లోనో పెట్టవచ్చు. అరుదైన, అమ్ముకునేవారి కంట పడితే ప్రమాదమున్న జీవి అయితే స్థానాన్ని మరుగుపరచండి.

అనుమతి ఇచ్చిన కార్యాలయానికి నివేదిక ఇవ్వడం షరతు. దానితో పాటు ఒక ప్రతి పంచాయతీలోని జీవవైవిధ్య నిర్వహణ కమిటీకి ఇవ్వండి, ప్రజా జీవవైవిధ్య రిజిస్టరులో ఎక్కించడానికి. మరో ప్రతిని అటవీ బీటు అధికారికి ఇవ్వండి. ఆ ప్రతికి చివర వల కొలతలు, తన్నిన నిమిషాలు, స్థానాల గుర్తులు, సున్నాలతో సహా పూర్తి పట్టిక, గెడ్డలో మీరు నిలబడిన రాయి ఫొటో జత చేయండి. మళ్లీ వచ్చేవారు మీరే కాకపోవచ్చు.